ఒకే ఇంటి తోట, నాలుగు సీసాలు: విశాఖ ఉక్కలో రెడ్ వైన్ రుచి చూడడం

మొదటిసారి రెడ్ వైన్ తాగినప్పుడు మా బావమరిది ఒక గుక్క మింగి, మొహం అదోలా పెట్టి, "ఏటి బావా ఇది, పచ్చి వక్క నమిలినట్టుంది" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆ రోజు ఆ గదిలో వైన్ గురించి సరైన మాట అన్నది వాడొక్కడే. రెడ్ వైన్లో నోరు ఎండగట్టే ఆ గుణాన్ని టానిన్ అంటారు. అది ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ, కొంత వైన్ని నిలవుంచే ఓక్ చెక్క పీపాల్లోంచీ వస్తుంది. లాలాజలంలోని ప్రొటీన్లని పట్టేసుకుంటుంది కాబట్టి నోట్లో జారుడు పోయి గరుకు తేలుతుంది. దీన్ని వర్ణించడానికి ఇంగ్లిషులో నానా అవస్థా పడతారు గానీ మనకి ఆరు రుచుల్లో ఒకటిగా ఎప్పటినుంచో పేరుంది, వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరుని విడిగా పట్టుకోగల నాలుకకి వైన్ కోర్సులేం అక్కర్లేదు, కాస్త వరస తెలిస్తే చాలు. ఆ వరసే చెప్తాను. (ఆంధ్రాలో 21 ఏళ్ళు నిండాలి, ఆ లోపు వాళ్ళు ఇక్కడే ఆగిపోండి.)

ముందు సీసాలు. ఒకే ఇంటి, అంటే ఒకే వైన్ కంపెనీ, తోటల నుంచి వచ్చిన నాలుగు తెచ్చుకోండి. ఫ్రాన్స్‌దొకటి, ఆస్ట్రేలియాదొకటి, నాసిక్‌దొకటి పక్కపక్కన పెట్టుకుంటే మట్టి వేరు, ఎండ వేరు, చేసిన చెయ్యి వేరు, ద్రాక్ష వేరు, ఇక ఏది దేనివల్ల మారిందో ఎవరికి తెలుస్తుంది? మా మేనత్త పెట్టిన ఆవకాయ, మాగాయ, గోంగూర వరసగా నాలిక్కి రాసుకుంటే వేటికవే వేరు, కానీ మూడింట్లోనూ ఆవిడ చెయ్యి తెలిసిపోతుంది. వైన్లోనూ ఆ చెయ్యి తెలియాలంటే ఒకే ఇంటివి తాగాలి.

నేను ఇందుకు ఎక్కువగా వాడేది ఫ్రాటెల్లి అనే మన దేశపు కంపెనీ వైన్లు. ఇటాలియన్లో ఆ మాటకి అన్నదమ్ములని అర్థం. పేరుకి తగ్గట్టే మూడు జతల అన్నదమ్ములు కలిసి పెట్టింది, ఢిల్లీ సేఖ్రీలు, అక్లూజ్ మోహితే పాటిల్‌లు, ఇటలీ సెక్కీలు. తోటలు మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా అక్లూజ్ చుట్టుపక్కల, చెరకు పండే నేలల మధ్య ఉన్నాయి. యూరప్‌లోలా అక్కడ సెప్టెంబర్లో ద్రాక్ష కోయరు, వానలు తగ్గాక కొమ్మలు కత్తిరించి జనవరి నుంచి మార్చి లోపు కోస్తారు. వైన్ చేసే పని ఇటలీలోని టస్కనీ నుంచి వచ్చిన పియెరో మాసి చేతి మీదుగా మొదలైంది, అందుకే ఆయన ప్రాంతపు ద్రాక్ష సాంజొవేసెకి ఈ తోటల్లో పెద్దపీట. సాంజొవేసె, మెర్లో, షిరాజ్, కాబర్నే సావిన్యాన్, ఈ నాలుగు ద్రాక్ష రకాలవీ తీసుకోండి, జేబు ఒప్పుకుంటే ఐదోదిగా వాళ్ళదే సెట్టె అనే మిశ్రమ వైన్. మన ఊళ్ళో ఒకే షాపులో ఇవన్నీ దొరకడం అదృష్టమే. మూడే దొరికితే మూడే, లేదంటే సులా, గ్రోవర్ జంపా లాంటి వేరే కంపెనీల్లో ఏదో ఒకదానివి మూడు రకాలు తెచ్చుకున్నా పద్ధతి మారదు.

కొనేటప్పుడు చూడాల్సింది ధర కంటే ముందు ఆ సీసా ఎక్కడ నిలబడి ఉందని. ఒకసారి ఏప్రిల్లో ఒక షాపులో అద్దం పక్కన ఎండ పడే చోట ఉన్న సీసాని, ఇదొక్కటే మిగిలింది సార్ అంటే తెచ్చేశాను. ఇంటికొచ్చి మూతి మీది రేకు తీస్తే బిరడా అప్పటికే అంచు దాటి పైకి పొడుచుకొచ్చింది, చుట్టూ ఎండిపోయిన జిగురు మరక, గ్లాసులో పోస్తే ఎండుద్రాక్ష ఉడకబెట్టిన నీళ్ళ వాసన. సింకు పాలైంది. అప్పట్నుంచి లోపలి అరలోదే అడుగుతున్నాను, లేబుల్ మీద సంవత్సరం కూడా చూస్తున్నాను. ఇలాంటి మామూలు రెడ్‌లు చాలావరకు రెండు మూడేళ్ళలో తాగేయడానికి చేసినవే, పాతబడితే గొప్పవవుతాయనుకుని బీరువా పైన దాచకండి. స్క్రూ మూత ఉందని చిన్నచూపూ వద్దు, మన వేడికి అదే నయం.

ఇప్పుడు వైజాగ్‌లో అందరూ చేసే తప్పు దగ్గరికి వద్దాం. రెడ్ వైన్ని గది ఉష్ణోగ్రతలో తాగాలని ఎక్కడ చూసినా ఉంటుంది. ఆ గది మనది కాదండీ, ఎక్కడో చలిదేశంలో రాతిగోడల గది. తాగాల్సింది 16 నుంచి 18 డిగ్రీల దగ్గర, మన హాల్లో మే నెలలో 32 ఉంటుంది. ఆ వేడిలో ఆల్కహాల్ ముక్కులోకి కొట్టి పళ్ళ వాసనలన్నీ దాని వెనక దాక్కుంటాయి. 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే చాలనే సలహా కూడా వాళ్ళ గదికే పనికొస్తుంది, మనకి గంటన్నర పైనే పడుతుంది. తొందరగా కావాలంటే బకెట్లో ఐసూ నీళ్ళూ కలిపి సీసాని మెడదాకా ముంచితే పావుగంటలో దారికొస్తుంది. ఉత్త ఐసు ముక్కల్లో గుచ్చితే అంత తొందరగా చల్లబడదు, నీళ్ళుంటేనే సీసాకి చల్లదనం అన్ని వైపులా తగులుతుంది. మరీ చల్లబడినా చిక్కే, వగరు ముల్లులా గుచ్చుకుంటుంది. సీసా పట్టుకుంటే చల్లగా అనిపించాలి గానీ చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించకూడదు, అంతే లెక్క.

డాబా మీద సముద్రపు గాలిలో తాగుదామని అందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. తాగడానికి బావుంటుంది గానీ రుచి చూడడానికి కాదు, బీచ్ వైపు నుంచి వచ్చే ఆ గాలి గ్లాసులో వాసనని ఎత్తుకుపోతుంది. లోపలే కూర్చోండి. అగరొత్తులు, సెంట్లు, వంటింట్లో చేపల వేపుడు, ఇవేవీ ఆ గంటసేపు వద్దు. గ్లాసు బొజ్జ వెడల్పుగా, మూతి సన్నంగా ఉండాలి. స్టీలు గ్లాసులో రంగు కనిపించదు, వాసనా నిలవదు. మనిషికి ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్లు చాలు, 750 సీసాకి 15 మందికి వస్తుంది. మధ్యలో నోరు శుభ్రం కావడానికి మంచినీళ్ళు, మసాలా కలపని ఉత్త మరమరాలు పెట్టుకోండి. ఉమ్మడానికి ఒక చెంబు కూడా. చెంబు చూసి మా వాళ్ళు మొదట ఎగతాళి చేశారు, నాలుగో సీసాకి వచ్చేసరికి ఆ చెంబు ఎందుకో వాళ్ళకే తెలిసింది. వైన్ వ్యాపారులూ, చేసేవాళ్ళూ కూడా ఉమ్మే రుచి చూస్తారు, సిగ్గేం లేదు.

వరస ఎప్పుడూ తేలిక నుంచి బరువుకి. సాంజొవేసె, మెర్లో, షిరాజ్, కాబర్నే. తిరగేస్తే కాబర్నే వగరు ముందు సాంజొవేసె నీళ్ళలా అనిపిస్తుంది, పాపం దాని తప్పు కాదు.

గ్లాసుని తెల్ల కాగితం మీద వంచి అంచు చూడండి. సాంజొవేసె కింద కాగితం మీది అక్షరాలు కనిపిస్తాయి, షిరాజ్ కింద కనిపించవు, నేరేడు పళ్ళు తిన్నాక నాలుక ఎలా ఉంటుందో ఆ రంగు. అంచు ఊదాగా ఉంటే వయసు తక్కువ, ఇటుకరాయి రంగులోకి తిరిగితే వయసు మీద పడిందని. గ్లాసు గోడల మీద జారే చారలు చూసి నాణ్యత చెప్పేవాళ్ళని నమ్మకండి, అవి ముఖ్యంగా ఆల్కహాల్ సంగతే చెప్తాయి.

రంగు మీద ఇంతకంటే టైం వద్దు, అసలు పని ముక్కుది. గ్లాసుని బల్ల మీదే ఉంచి కాడ పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి, వెంటనే ముక్కు లోపలికి పెట్టి చిన్న చిన్నగా రెండు మూడుసార్లు పీల్చండి, ఒకేసారి గట్టిగా కాదు. పుస్తకాల్లో బ్లాక్‌కరెంట్, రాస్ప్‌బెర్రీ అని రాస్తారు, నేనెప్పుడూ తినని పళ్ళ వాసన నాకెలా వస్తుంది? మనకి తెలిసిన వాసనలతోనే పేరు పెట్టండి. షిరాజ్‌లో మిరియాల వాసన వస్తే అది ఊహ కాదు, రోటండోన్ అనే ఒకే పదార్థం మిరియాల్లోనూ ఉంటుంది, కొన్ని షిరాజ్‌లలోనూ ఉంటుంది. కాబర్నే వాసన చూసి మా ఆవిడ "ఇందులో బెంగళూరు మిర్చి కోశారా ఏంటి" అంది. నిజమే, కాబర్నేలో, ముఖ్యంగా ద్రాక్ష పూర్తిగా పండకపోతే, ఆ పచ్చి వాసన ఇచ్చేదీ క్యాప్సికంలో ఉన్నదీ ఒకే రకం పదార్థాలు. లవంగం, వెనిల్లా, కాస్త పొగ వాసన తగిలితే అది ఓక్ పీప పని. వానాకాలంలో తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం బిరడా పాడైందని, ఆ సీసా పక్కన పెట్టేయండి.

ఇక నోరు. చిన్న గుక్క తీసుకుని మింగకుండా, వేడి రసం జుర్రినట్టు కాస్త గాలి లోపలికి లాగండి, చప్పుడైనా పర్వాలేదు. మొదట్లో చాలామంది పులుపునీ వగరునీ కలిపేస్తారు. విడదీయడం తేలిక, పులుపుకి నోట్లో నీళ్ళూరతాయి, వగరుకి ఉన్న నీళ్ళు ఆరిపోతాయి. సాంజొవేసె నోట్లో పెట్టుకున్నప్పుడు దవడల పక్కన చింతకాయ తలుచుకున్నట్టు ఊరుతుంది చూడండి, కాబర్నేకి చిగుళ్ళ మీద నాలుకతో రాస్తే గరుగ్గా తగులుతుంది. అనుమానం ఉంటే ముందురోజు పొద్దున్న టీపొడి పది నిమిషాలు మరిగించి పాలూ పంచదారా లేకుండా ఒక చెంచా నోట్లో వేసుకోండి, తర్వాత అందులోనే పాలు పోసి మళ్ళీ తాగండి. పాలలోని ప్రొటీన్ ఆ వగరుని పట్టేసుకోవడం నాలిక్కే తెలుస్తుంది. మింగాకో ఉమ్మాకో రుచి ఎంతసేపు నిలిచిందో మనసులో అంకెలు లెక్కపెట్టండి. మూడుకే పోతే మామూలుది, పది దాటినా ఇంకా ఉంటే ఆ సీసా ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టుకోండి.

నాలుగూ అయ్యాక మళ్ళీ మొదటిదానికి వెళ్ళండి. ద్రాక్షలు వేరైనా అన్నింటి కిందా ఒకటే పోలిక అందుతుంది, ఎండకి బాగా పండిన పండు లక్షణమో, పులుపుని ఉంచిన తీరో, ఏదైనా కావచ్చు. నాకది మూడో ప్రయత్నంలో గానీ అందలేదు. సెట్టె ఉంటే ఇప్పుడు తెరవాలి, సాంజొవేసెనీ కాబర్నేనీ కలిపి పీపాల్లో పెట్టిన వైన్ కాబట్టి ఇందాక విడివిడిగా చూసిన పులుపూ వగరూ ఇక్కడ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని వస్తాయి. సెట్టె అంటే ఏడు, ఆరుగురు అన్నదమ్ములూ పియెరో మాసీ కలిపి.

తిండి విషయంలో మన ఊరి వాళ్ళకి చేదు కబురు ఒకటుంది. వంజరం వేపుడుతో కాబర్నే తాగితే నోట్లో తుప్పు పట్టిన మేకు పెట్టుకున్నట్టుంటుంది, వైన్లో ఉండే ఇనుముకీ చేప నూనెకీ పడదు. చేపే కావాలంటే సాంజొవేసెని మామూలుకంటే ఇంకాస్త చల్లబరిచి, టమాటా వేసిన పులుసుతో ప్రయత్నించండి, అది ఓ మాదిరిగా సర్దుకుంటుంది. ఆవకాయ పక్కన ఏ రెడ్డూ నిలవదు, కారం మంటని ఆల్కహాల్ రెట్టింపు చేస్తుంది. కారం తగ్గించిన మటన్ వేపుడూ కాబర్నే మాత్రం బ్రహ్మాండం, కొవ్వూ ఉప్పూ కలిసి వగరుని లొంగదీస్తాయి. బొంగు చికెన్‌కి షిరాజ్, ఆ పొగకీ ఈ మిరియాలకీ చుట్టరికం ఉంది. శాకాహారులకి నువ్వులూ పల్లీలూ కూరిన గుత్తివంకాయతో మెర్లో. మాడుగుల హల్వా తిన్న నోటితో మాత్రం ఏదీ తాగకండి, అంత తీపి ముందు మంచి వైన్ కూడా పుల్ల నీళ్ళే.

రుచి చూశాక ఎవరూ బండి తియ్యకండి, ఆటో పిలవండి. మిగిలినవాటికి గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో నిలబెడితే రెండు మూడు రోజులు ఆగుతాయి. మర్నాడు సాయంత్రం కాబర్నే ఒకసారి తీసి చూడండి, రాత్రంతా సీసాలోని గాలి తగిలిన వగరు మెత్తబడి ఉంటుంది. మా బావమరిది ఇప్పుడు సీసా తెరిచిన రోజు రాడు, మర్నాడే వస్తాడు.