పికప్ వెనక కమాన్ కట్టలు, షాకిల్స్ ఇలా మార్చుకున్నాను

సామాను ఎక్కిస్తే నా పికప్ వెనక భాగం బాగా కుంగిపోయేది. ఖాళీగా గుంతల్లో నడిపితే ఒక వెనక చక్రం గాల్లోకి లేచి ఊరికే తిరిగేది. రెండింటికీ కారణం కమాన్ కట్టలే, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులే. పట్టీలు తక్కువ, ఒక్కోటీ మందం, పైగా ఏళ్ల బరువుకి వంపు పోయింది.

మందమైన పట్టీ ఇంకొకటి కలిపితే ఎత్తు వస్తుంది, కానీ బండి కట్టెలా బిగుసుకుపోతుంది. పట్టీ మందం రెట్టింపైతే దాని బిగుతు 8 రెట్లవుతుంది మరి. అందుకే సన్నని పట్టీలు ఎక్కువగా ఉన్న కట్ట తీసుకున్నాను. అదీ రోజూ మోసే బరువును బట్టి. ఎప్పుడో ఒకసారి వేసే బరువును బట్టి కాదు.

అసలు తలనొప్పి షాకిల్ దగ్గరే, అంటే కట్ట కొసను ఛాసిస్‌కి (బండి చట్రానికి) కలిపే ఊగే లంకె దగ్గర. కట్ట చదునయ్యే కొద్దీ పొడవు సాగుతుంది. ఆ సాగుకి షాకిల్ ఊగి చోటివ్వాలి. నా బండికి షాకిల్ కట్ట వెనక కొసన, ఛాసిస్ కింద వేలాడుతుంది. బండి నేల మీద నిలబడినప్పుడు దాని కింది కొస కాస్త వెనక్కి వాలి ఉండేలా పొడవు చూసుకున్నాను. కేవలం ఎత్తు కోసం పొడవాటి షాకిల్ వేయడం నాకు నచ్చదు. 2 అంగుళాలు పెంచితే వెనక భాగం లేచేది సుమారు 1 అంగుళమే, పైగా యాక్సిల్ (చక్రాల ఇరుసు) కాస్త తిరిగి, ఇంజిన్ శక్తిని దానికి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారిపోతుంది.

కట్టను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవే వేశాను. కట్ట కొసల్లోని రబ్బరు బుష్‌ల (గొట్టం లాంటి రబ్బరు ముక్కల) బోల్టులు మాత్రం చక్రాలు నేలకు ఆనాకే పూర్తిగా బిగించాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు బ్రేక్ గొట్టం, షాక్ అబ్జార్బర్ పొడవు సరిపోతున్నాయా అని కూడా చూశాను. కొంత దూరం నడిపాక యూ బోల్టులు మళ్లీ బిగించాను. ఇప్పుడు గుంతల్లో రెండు వెనక చక్రాలూ నేలను పట్టుకునే ఉంటున్నాయి.