ప్రయోగాన్ని చదవడం ఎలా – 4వ పాఠం: రెండు కాళ్ళ లెక్క

పోయిన పాఠంలో ఒక ప్రశ్న పట్టుకున్నాం: ఏ ప్రయోగం గురించి చదివినా ముందు "దేన్ని దేనితో పోల్చారు?" అని అడగాలి. ఈసారి దాన్ని ఒక అసలు ప్రయోగం మీద పెట్టి చూద్దాం. నోటుబుక్ తీయండి, ఉత్తినే చదివితే ఇది రాదు.

ముందు కొంచెం సరుకు. తిన్న అన్నం గ్లూకోజ్ అవుతుంది, అందులో కొంత గ్లైకోజన్‌గా నిలవ పడుతుంది: కాలేయంలో సుమారు 100 గ్రాములు, ఒంట్లో కండరాలన్నింటిలో కలిపి 400 దాకా. కాలేయం తన దగ్గరున్న దాన్ని గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. కండరం అలా వదలలేదు, అందుకు కావలసిన ఎంజైమ్ దానికి లేదు. మిల్లు దగ్గర ధాన్యం బస్తాలు మోసే మనిషి తొడలో ఉన్న నిలవ ఆ తొడకే, భుజం అడిగినా గ్లూకోజ్‌గా పంపలేదు.

ఇక ప్రయోగం. 1966, స్వీడన్. యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు. పరీక్షకి మనుషుల్ని వెతక్కుండా వాళ్ళే కూర్చున్నారు (నాకు ఇక్కడే వాళ్ళంటే గౌరవం). ఒకే సైకిల్‌కి అటొకరు ఇటొకరు, ఒక్కో కాలితో, ఇక చాతకాదు అనేదాకా తొక్కారు. రెండో కాలికి పని లేదు. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు బాగా ఉన్న తిండి తిన్నారు. మధ్య మధ్యలో రెండు తొడల్లోంచీ సూదితో చిన్న కండరం ముక్క తీసి గ్లైకోజన్ కొలిచారు. తొక్కిన కాల్లో నిలవ మొదట ఖాళీ అయింది, ఆ తర్వాత తొక్కని కాలి కంటే దాదాపు రెట్టింపుకి పెరిగింది.

ఇప్పుడు పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు "ఒకేలా ఉన్నవి", కుడివైపు "తేడా ఉన్నవి" అని రాయండి. రక్తం, ఇన్సులిన్, తిండి, నిద్ర, వయసు అన్నీ ఎడమవైపే పడతాయి, ఎందుకంటే రెండు కాళ్ళూ ఒకే మనిషివి. కుడివైపు ఒక్కటే మిగులుతుంది, చేసిన పని. కాబట్టి రెట్టింపుకి కారణం రక్తంలో ఉండటానికి వీల్లేదు, పనిచేసిన కండరంలోనే ఉండాలి. అదే భీమవరం ఆయన కాలినీ పాలకొల్లు ఆయన కాలినీ పోల్చి ఉంటే? ఒకాయన పులస పులుసుతో రెండు పూటలా లాగించాడేమో, ఇంకొకాయన శనివారం ఒంటిపూటేమో, ఎడమవైపు ఖాళీగా ఉండి కుడివైపు నిండిపోయేది.

అలాగని ఎగిరి గంతేయొద్దు. ఉన్నది ఇద్దరే మనుషులు. కండరంలో ఏదో ఉందని తేలింది గానీ అదేమిటో ఈ ప్రయోగం చెప్పలేదు. "అన్నం ఎక్కువ తింటే బలం" అని ఇందులోంచి తీస్తే మాత్రం మీకు మార్కులు పడవు.

ఇంటిపని: 1855లో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త ఒక జంతువు కాలేయాన్ని బయటికి తీసి, చక్కెర రావడం ఆగిపోయేదాకా దాని రక్తనాళాల గుండా నీళ్ళు పోనిచ్చి కడిగాడు. మర్నాడు చూస్తే అందులో మళ్ళీ చక్కెర ఉంది. ఇక్కడ రెండో కాలు ఏది? గీత గీసి రాయండి. వచ్చే పాఠంలో మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్ (కండరం చప్పున వాడుకునే శక్తిని నిలవ ఉంచే పదార్థం) పని చూద్దాం. అందులో గీత గీయడం ఇంత తేలిక కాదు.