డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో పోలీసులు ఆపితే ఏం చేయాలి?

శనివారం రాత్రి రుషికొండ వైపు నుంచి విశాఖ ఊళ్లోకి వస్తుంటాం. మలుపు తిరగ్గానే బారికేడ్లు, ఎర్ర లైట్లు. అంతే, ముందు వెళ్తున్న బైకుల్లో ఒకటో రెండో టక్కున వెనక్కి తిరిగి, హెడ్‌లైట్ ఆర్పేసి రాంగ్ రూట్లో దూసుకొస్తాయి. బీచ్ రోడ్డు మీద ఇది చాలాసార్లు చూశాను. వాళ్లలో చుక్క కూడా ముట్టనివాళ్లుంటారు, హెల్మెట్ లేదని భయం!

కాబట్టి ముందు ఆపండి. ఇండికేటర్ వేసి ఎడమకు తీసి, ఇంజన్ ఆపేయండి. కారైతే లోపలి లైటు వేసి అద్దం దించండి. బారికేడ్ చూశాక సీట్లు మారడం లాంటి తెలివితేటలు వద్దు, అవతల నుంచి అంతా కనబడుతూనే ఉంటుంది. వెనక కూర్చున్న ఫ్రెండుని నోరు మెదపొద్దనండి. సగం గొడవలు వాడి వల్లే వస్తాయి. లైసెన్సు, ఆర్సీ డిజీలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో చూపిస్తే చాలు. గ్యాలరీలో దాచుకున్న ఫొటో పనికిరాదు.

ఇక ఊదడం. మెషిన్‌కి కొత్త పైపు పెట్టమని అడగండి, తప్పేం లేదు. దగ్గుమందు తాగినా, మౌత్‌వాష్ పుక్కిలించినా ఊదకముందే చెప్పండి. మా బావ ఓసారి భోజనం చేసి, రోజూ తాగే ఆయుర్వేద టానిక్కు, అదే అరిష్టం, రెండు మూతలు వేసుకుని బయల్దేరాడు. మద్దిలపాలెం దాటాక ఆపారు. ఊదగానే మెషిన్ కీచుమంది. అరిష్టాల్లో ఆల్కహాల్ దానంతటదే పుడుతుందని ఈయనకేం తెలుసు? చెమటలు పట్టి గొంతు పెంచాడు. అక్కడున్న ఎస్సై నెమ్మదస్తుడు. నీళ్లిచ్చి పుక్కిలించమని, పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదించాడు. సున్నా. నోట్లో మిగిలింది పావుగంటలో పోతుంది, రక్తంలోది పోదు. రక్తంలోది ఊపిరితిత్తుల గాలితో బయటికొచ్చి మెషిన్‌కి దొరికిపోతుంది కాబట్టి కిళ్లీ, ఉల్లిపాయ, చూయింగ్ గమ్ ఏవీ పనిచేయవు.

ఊదనని మొండికేయడం మాత్రం వద్దు. మోటారు వాహనాల చట్టం 203వ సెక్షన్ ప్రకారం, మందు వాసన వస్తున్నా ఊదనంటే వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. సరైన కారణం లేకుండా కాదంటే కోర్టులో అదీ మీకు ఎదురు తిరుగుతుంది. తాగి నడిపిన కేసులో అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేదంటే వదిలేయాలి. ఆ టైము గుర్తుపెట్టుకోండి.

పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. అది దాటితే వాదించి లాభం లేదు. రీడింగు, టైము, బండి నంబరు సరిచూసుకుని సంతకం పెట్టండి. తాగనివాళ్లెవరినైనా లైసెన్సుతో రమ్మని ఫోన్ చేయండి. బండి స్టేషన్‌కి తీసుకెళ్తామంటే ఏ స్టేషనో రాసుకోండి.

ఈ కేసుకి జరిమానా రోడ్డు మీద కట్టేది కాదు, కోర్టే వేయాలి. అక్కడికక్కడ డబ్బిచ్చేస్తే దానికి లెక్కాపత్రం ఉండదు, పైగా లంచం ఇవ్వజూపడం ఇంకో నేరం. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15,000 జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు సస్పెండ్ కావచ్చు. కోర్టు తేదీకి వెళ్లకపోతే వారెంటు వస్తుంది, చిన్న కేసు కాస్తా పెద్దదవుతుంది. మన దగ్గర శిక్ష ఒక్కోసారి వేరేగానూ ఉంటుంది: 2023లో ఇక్కడి కోర్టు ఇలా దొరికినవాళ్లు ఏభైమందికి పైగా చేత బీచ్‌లో చెత్త ఏరించింది.

చాలామందికి తట్టని సంగతి ఇంకోటుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో మందు గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే తగ్గుతుంది. రాత్రి ఒంటిగంటకు 120 ఉంటే, పొద్దున్న ఏడింటికి కూడా 30 దగ్గరే ఉంటారు. స్నానం చేసి, ఫిల్టర్ కాఫీ తాగి, ఫ్రెష్‌గా గాజువాక వైపు తెల్లవారి షిఫ్టుకి బయల్దేరేవాళ్లు ఆ రోజుకి ఆటో ఎక్కడమే నయం.