ఎయిర్ పంపు మళ్ళీ మళ్ళీ పాడవుతుంటే కారణాన్ని పంపు బయట వెతకాలి

చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన తొలి నిమిషంలో సెకండరీ ఎయిర్ పంపు బయటి గాలిని ఎగ్జాస్ట్ పోర్టుల్లోకి నెడుతుంది. సిలిండర్లలో పూర్తిగా కాలని ఇంధనం ఆ గాలి తోడై అక్కడే కాలిపోతుంది కాబట్టి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు తగ్గుతాయి, ఎగ్జాస్ట్‌లోని హానికర వాయువులను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ కూడా త్వరగా వేడెక్కుతుంది. స్టార్టింగ్ సమయంలో కొద్దిసేపే తిరిగే ఈ మోటారు అరిగిపోవడానికి ఏళ్లు పట్టాలి. కొత్తగా బిగించిన పంపు కొద్ది నెలలకే పోయిందంటే, దాన్ని పాడుచేస్తున్నది మరొకటి ఉన్నట్టే.

సాధారణంగా ముందు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్‌లో పీ0410, పీ0411, పీ0491, పీ0492 వంటి కోడ్‌లు కనిపిస్తాయి. ఇవి గాలి ప్రవాహం సరిగా లేదని మాత్రమే చెబుతాయి, పంపు పోయిందని కాదు. ఈ తేడా గమనించకపోవడం వల్లనే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

పాడైన పంపును పారేయకుండా విప్పి లోపల చూడండి, ఎందుకంటే అసలు సాక్ష్యం అందులోనే ఉంటుంది. నీరు, తుప్పు, నల్లటి మసి కనిపిస్తే మొదట అనుమానించవలసింది, గాలిని పంపు నుంచి ఎగ్జాస్ట్ వైపుకు మాత్రమే వెళ్ళనిచ్చే చెక్ వాల్వును. పంపు ఆగగానే ఈ వాల్వు గట్టిగా మూసుకోవాలి. మూసుకోకపోతే ఎగ్జాస్ట్ వాయువు వెనక్కి వస్తుంది, అందులోని నీటి ఆవిరి గొట్టంలోనూ పంపులోనూ చల్లబడి నీరవుతుంది, ఆ ఆమ్లపు తేమ బేరింగులను తినేస్తుంది, చలి ప్రాంతాల్లోనైతే ఆ నీరు గడ్డకట్టి మోటారును కదలనివ్వదు. నిర్ధారణకు, ఇంజిన్ నడుస్తూ పంపు ఆగి ఉన్నప్పుడు వాల్వుకు పంపు వైపున్న గొట్టాన్ని ఊడదీసి చూడాలి. అక్కడ వేడి వాయువు తగిలితే వాల్వు కారుతున్నట్టే. చుట్టుపక్కల భాగాలు చేతిని కాల్చేంత వేడిగా ఉంటాయి గనుక జాగ్రత్త అవసరం. అలాంటప్పుడు వాల్వునూ పంపునూ కలిపే మార్చాలి, వీ ఆకారపు ఇంజిన్‌లో రెండు వైపులా వాల్వులు ఉంటే రెండింటినీ పరీక్షించాలి. మసి పట్టిన గొట్టాన్ని కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే బిగించాలి.

నీరు ఉండి మసి లేకపోతే అది బయటినుంచి వచ్చినదై ఉండవచ్చు. పంపు బంపర్ వెనుక కిందుగా ఉండే కార్లలో గాలి పీల్చే గొట్టం ఊడిందేమో, ఫిల్టర్ చిరిగిందేమో చూడండి.

లోపల పొడిగా ఉండి వైండింగ్ (మోటారులోని తీగ చుట్లు) మాడిన వాసన వస్తే పంపుకు కరెంటును ఇచ్చి ఆపే విద్యుత్ స్విచ్ అయిన రిలేను చూడాలి. దాని కాంటాక్టులు అతుక్కుపోతే పంపు ఆగకుండా తిరిగి మాడిపోతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా పంపు టెర్మినల్ వద్ద పన్నెండు వోల్టులు అందుతుంటే కారణం దాదాపుగా తేలినట్టే. బిగుసుకుపోతున్న పంపు అధిక కరెంటు లాగి రిలే కాంటాక్టులను కాలుస్తుంది కాబట్టి, రిలే బాగున్నట్టు కనిపించినా కొత్త పంపుతో పాటు మార్చడమే మేలని నా అభిప్రాయం. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎక్కువ ఆంపియర్లది మాత్రం ఎన్నడూ వేయకూడదు, వైరింగ్ అంటుకునే ప్రమాదం ఉంది.

పంపు నెమ్మదిగా తిరుగుతుంటే, అది తిరుగుతుండగానే పాజిటివ్ వైపునా ఎర్త్ వైపునా వోల్టేజి నష్టాన్ని, అంటే బ్యాటరీకీ పంపుకూ మధ్య వైరింగ్‌లో తగ్గిపోయే వోల్టేజిని, కొలవాలి. ఏ వైపునైనా అర వోల్టు దాటితే కనెక్టర్‌లోనో ఎర్త్ బోల్టు వద్దనో తుప్పు పట్టి ఉంటుంది, దాన్ని శుభ్రం చేస్తే చాలు.

పంపు, వాల్వు, రిలే అన్నీ బాగుండి పీ0491 తిరిగి వస్తే, వాక్యూమ్‌తో తెరుచుకునే వాల్వుల్లో పగిలిన సన్నటి వాక్యూమ్ గొట్టాన్నీ ఆ వాక్యూమ్‌ను నియంత్రించే విద్యుత్ వాల్వు అయిన సోలెనాయిడ్‌నూ చూడాలి. అవీ సరిగా ఉంటే సిలిండర్ హెడ్‌లోని గాలి మార్గాలు కార్బన్‌తో పూడుకుపోయి ఉండవచ్చు. వాటిని శుభ్రం చేయడం శ్రమతో కూడిన పని, కొన్ని ఇంజిన్లలో హెడ్ విప్పవలసి వస్తుంది.

మరమ్మతు తర్వాత కోడ్‌లు చెరిపి వేడి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి చూస్తే ఏమీ తెలియదు, చాలా కార్లలో ఈ పంపు చల్లని ఇంజిన్‌లోనే పనిచేస్తుంది. కారును రాత్రంతా నిలిపి ఉంచి, మర్నాడు స్టార్ట్ చేసి, పంపు మొదలవడాన్నీ కొద్దిసేపటికి ఆగిపోవడాన్నీ చెవితో విని, ఆగిన తర్వాత టెర్మినల్ వద్ద వోల్టేజి సున్నాకు పడిందో లేదో మీటరుతో చూడండి.