పాత ట్రాక్టర్ వేడెక్కుతుంటే: ముందు జాలీ, ఆ తర్వాత కింది పైపు

యాసంగి కోతలయ్యాక కొయ్యకాళ్లలో రోటవేటర్ తిప్పే రోజుల్లో, మళ్లీ జూలైలో కరిగట్టు దున్నే రోజుల్లో మా షెడ్డుకు వచ్చే పాత ట్రాక్టర్లు చాలావాటికి ఒకటే జబ్బు. పనిలోకి దిగిన అరగంటకు వేడి మీటరు ముల్లు ఎర్రగీత ఎక్కుతుంది, రేడియేటర్ మూత దగ్గర ఆవిరి కొడుతుంది. రైతు వస్తూనే "వాటర్ బాడీ పోయిందన్నా, కొత్తది వెయ్యి" అంటాడు (ఇంజిన్‌లో నీళ్లు తిప్పే పంపునే మేం వాటర్ బాడీ అంటాం). బానెట్ లేపి చూస్తే రేడియేటర్ ముందు జాలీ నిండా వరి పొట్టు. ఎన్ని ఏళ్లుగా చెబుతున్నా ఈ ఒక్కటి చూడకుండానే వస్తారు.

కాబట్టి ముందు ఇది చెయ్యండి. ఇంజిన్ ఆపి, ఫ్యాన్ వైపు నుంచి టార్చిలైటు కొట్టి ముందు నుంచి చూడండి. వెలుతురు రేకుల సందుల్లోంచి అంతటా రావాలి. రాని చోట గాలి కూడా పోదు. జాలీ తీసి దులపండి. రేడియేటర్‌కు మాత్రం ఫ్యాన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. ముందు నుంచి కొడితే పొట్టు ఇంకా లోపలికి దిగుతుంది. ఆయిల్ కారి దుమ్ముతో కలిసి ముద్దయి ఉంటే సర్ఫు నీళ్లు చల్లి, నానిన తర్వాత మామూలు ధారతో కడగండి. వాటర్ సర్వీసు గన్ను దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి.

నీళ్లు తగ్గాయా, ఫ్యాన్ బెల్టు వదులైందా అన్నది మీకు తెలిసిన పనే. బొటనవేలితో నొక్కితే బెల్టు అర అంగుళం దిగాలి, అంతకు మించి దిగితే బిగించండి. మూత రబ్బరు గట్టిపడినా, స్ప్రింగు సడలినా మూత మార్చండి. మూత ఒత్తిడి నిలపకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి. మరిగే రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోవద్దు. ఎండిన వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే ఇంజిన్ హెడ్డు పగలొచ్చు.

ఇవన్నీ బాగున్నా వేడెక్కుతోందా? అయితే రేడియేటర్ కింది పైపు చూడండి. నాకు బాగా దెబ్బ తగిలింది దీని దగ్గరే.

పరకాల వైపు నుంచి ఒక రైతు పాత బండి తెచ్చాడు. ఊరికే నడిస్తే ఏమీ లేదు, రోడ్డు మీద ఖాళీ ట్రాలీతో పోయినా ఏమీ లేదు. కేజ్‌వీల్స్ (బురదలో నడిచే ఇనుప చక్రాలు) వేసి మడిలోకి దిగి రేసు పెంచితే చాలు, ఇరవై నిమిషాల్లో ముల్లు పైకి. రేసు తగ్గిస్తే మెల్లగా దిగుతుంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచే వాల్వు) మార్చాను, తగ్గలేదు. వాటర్ బాడీ మార్చాను, రేడియేటర్ గొట్టాల్లో కడ్డీ దూర్పించి శుభ్రం చేయించాను, అయినా తగ్గలేదు. నాట్ల అదనులో ఆయన డబ్బులూ పోయాయి, నాలుగు రోజులూ పోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చివరికి ఆయన మడి దగ్గరికే పోయి, బండి బాగా వేడెక్కాక ఒడ్డు మీద ఆపించి, న్యూట్రల్‌లో రేసు పెంచమన్నాను. పక్కన నిలబడి చూస్తున్నాను. రేడియేటర్ అడుగు నుంచి వాటర్ బాడీకి పోయే పైపు నా కళ్ల ముందే మధ్యలో పీక్కుపోయి చపాతీలా అతుక్కుంది. రేసు వదలగానే మళ్లీ గుండ్రంగా ఉబ్బింది.

వాటర్ బాడీ ఆ పైపులోంచి నీళ్లను పీల్చుకుంటుంది. రేసు పెరిగే కొద్దీ పీల్పు పెరుగుతుంది. పైపు అణగకుండా కొన్ని మోడళ్లలో లోపల స్ప్రింగు ఉంటుంది, కొన్నిట్లో పైపే మందంగా ఉంటుంది. ఏళ్ల తరబడి కూలెంట్ లేకుండా బోరు నీళ్లే పోస్తే ఆ స్ప్రింగు తుప్పు పట్టి ముక్కలవుతుంది, రబ్బరు మెత్తబడుతుంది. నీళ్లు ఎక్కువ కావాల్సిన సమయంలోనే దారి మూసుకుపోతుంది. షెడ్డులో బండి ఆపి చూసేసరికి పైపు మామూలుగానే ఉంటుంది, అందుకే దొరకదు.

ఇంకో రకం ఇంకా మోసం. పైన పైపు నున్నగా ఉంటుంది, లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతూ నీళ్లకు అడ్డం పడుతుంది. దీన్ని బయట నుంచి పట్టుకోలేరు. పైపు విప్పి, లోపల వేలు పెట్టి తిప్పి చూడాల్సిందే.

పరీక్ష ఇలా చెయ్యండి. చల్లగా ఉన్నప్పుడు పైపు నొక్కండి. స్ప్రింగు ఉండే మోడలైతే చుట్లు చేతికి తగలాలి, లేనిదైతే గట్టిగా ఎదురు రావాలి. తర్వాత బండి వేడెక్కించి, ఒకరు రేసు పెంచుతుంటే ఇంకొకరు దూరం నుంచి చూడాలి. ఫ్యాన్ దగ్గరికి చెయ్యి గానీ తువ్వాల గానీ పోవద్దు.

పైపు మార్చేటప్పుడు అదే మోడల్‌ది, అదే వంపు ఉన్నది తీసుకోండి. బోరు మోటారు పైపు ముక్క కోసి క్లిప్పులు బిగించిన బండ్లు చూశాను. వేడికి మెత్తబడి వారంలో అదే కథ. పాత స్ప్రింగు ముక్కలు రేడియేటర్ వైపు గానీ వాటర్ బాడీ వైపు గానీ మిగలకుండా వెతికి తీయండి. రేడియేటర్ లోపల ఉప్పు పేరుకుని ఉంటే అది కూడా శుభ్రం చేయించండి, ఎందుకంటే నీళ్లు సరిగా రాకపోతే కొత్త పైపు మీద కూడా పీల్పు పెరుగుతుంది.

థర్మోస్టాట్ మీద అనుమానముంటే గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. నీళ్లు తెర్లకముందే అది తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వెయ్యండి గానీ, తీసి పారేసి నడపకండి. ఇంజిన్ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ లైనర్లు అరుగుతాయి.

ఇంజిన్ బ్లాకుకు, హెడ్డుకు మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోవడం అరుదు. రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఇంజినాయిల్ పాలు కలిపిన చాయ్‌లా మారినా అప్పుడు హెడ్డు విప్పించండి. మీటరే తప్పు చూపించడం, డీజిల్ పంపు టైమింగ్ తేడా రావడం ఇంకా తక్కువ.

అంతా బిగించాక కూలెంటు, శుద్ధి చేసిన నీళ్లు సగం సగం కలిపి పోయండి. చల్లటి ఇంజిన్‌ను మూత తీసే స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచండి. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు గాలి బయటికి వచ్చి మట్టం ఒక్కసారిగా దిగుతుంది. అప్పుడు నింపి మూత పెట్టి, గంటసేపు మడిలో దున్ని, ఆపి, చల్లారాక ఇంకోసారి మట్టం చూసుకోండి.