ఈశాన్య వానలు మొదలయ్యే ముందు పేగుల కోసం కొన్ని జాగ్రత్తలు

మన నెల్లూరు జిల్లాకి అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయిన సంగతి చాలామందికి గుర్తే. అలాంటి వరదలో మురుగు కాలవ, తాగునీటి పైపు, బోరు గుంత అన్నీ ఒకటైపోతాయి.

ఆ నీళ్లు కడుపులోకి పోతే ఏమవుతుందో తెలిస్తే, ఏ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. మొదటి అడ్డు జీర్ణాశయంలోని ఆమ్లం. మింగిన బ్యాక్టీరియాలో చాలావరకు అక్కడే చస్తాయి. తప్పించుకున్నవాటికి పేగు గోడ మీద జిగురు పొర ఎదురవుతుంది. చిన్నపేగు లోపలి గుంటల అడుగున ఉండే పానెత్ కణాలు క్రిముల్ని చంపే ప్రొటీన్లను వదులుతాయి. ఐజీఏ అనే యాంటీబాడీ క్రిముల్ని పట్టుకుని గోడకి అంటుకోనివ్వదు. అయినా గోడలోకి దూరితే పేగు కణాలే రసాయనాలతో కబురు పంపి రక్తంలోని తెల్లకణాలను పిలుస్తాయి. జ్వరానికి, కడుపు నొప్పికి చాలావరకు ఆ పోరాటమే కారణం.

ఇంత కాపలా ఉన్నా, ఒక్కసారిగా ఎన్ని క్రిములు వచ్చాయన్నది చాలా ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కలరా రావాలంటే మామూలుగా లక్షలు, కోట్లలో క్రిములు లోపలికి పోవాలి. ఆమ్లం తగ్గి ఉంటే మాత్రం చాలా తక్కువతోనే వస్తుంది. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లాకి పది నుంచి వంద క్రిములు చాలు. అంత కొద్దివి గోరు సందులో ఉన్నా సరిపోతుంది. కాబట్టి నీళ్లు కాచుకోవడం ఎంత ముఖ్యమో, దొడ్డికి వెళ్లొచ్చాక, అన్నం ముట్టే ముందు సబ్బుతో చేతులు కడగడమూ అంతే ముఖ్యం.

నీళ్లు మడ్డిగా ఉంటే తేరనిచ్చి, గుడ్డతో వడగట్టి, సలసలా మరిగాక ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచండి. కాచిన బిందెలో చెయ్యి మునిగేలా చెంబు ముంచితే ఆ కష్టమంతా వృథా. పొడవు కాడ గరిటె వాడండి, లేదా కుళాయి ఉన్న బిందె కొనండి. చేపల పులుసు మర్నాటికే రుచి అంటాం, నిజమే. కానీ కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయిన రోజుల్లో ఆ పులుసు నిలవుంచొద్దు.

నాకు ఎక్కువ బెంగ మందుల విషయంలో. గ్యాస్ మాత్రలు ఆ మొదటి అడ్డునే తగ్గిస్తాయి. డాక్టరు రాసినవి మానొద్దు గానీ, అలవాటుగా మింగేవాళ్లు ఈ సీజన్ రాకముందే ఒకసారి అడగండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ మనకి మేలు చేసే పేగు బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. కొత్త క్రిములకి చోటు దొరక్కుండా చేసేవి అవే. రక్తం పడుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు విరేచనాలు కట్టే మాత్ర వేయకండి. చిన్నపిల్లలకైతే అసలు వద్దు.

వానలకి ముందే ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చి పెట్టుకోండి. లీటరు ప్యాకెట్ మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. చంటిబిడ్డకి విరేచనాలైనా తల్లిపాలు ఆపొద్దు, ఆ పాలలోనూ ఐజీఏ ఉంటుంది. పిల్లలకి జింక్ మాత్రలు ఆశా కార్యకర్తని అడగండి. విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి.

టైఫాయిడ్ క్రిమి తీరే వేరు. అది పేగు గోడ దాటి, తనని మింగిన తెల్లకణాల్లోనే దాక్కుని బతుకుతుంది. అందుకే జ్వరం ఒకటి రెండు వారాల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. వరద తీశాక వచ్చిన జ్వరం మూడు రోజులైనా తగ్గకపోతే రక్తపరీక్ష చేయించండి. గంజినీళ్లలా విరేచనాలు ఆగకుండా అవుతుంటే, మూత్రం రాకపోతే, కళ్లు లోపలికి పోతే, బిడ్డ మత్తుగా పడుకుంటే, ఓఆర్ఎస్ పట్టిస్తూనే 108కి ఫోన్ చేయండి.