హైడ్రోజన్ కారు బేరమా? ముందు బంకు చూడండి

ఫ్రీమాంట్‌లో టయోటా వారి పాత హైడ్రోజన్ కారు మిరాయ్ కొన్నప్పుడు, కొత్తదాని ధరలో సగం కూడా లేదని మురిసిపోయాను. అంత చవకగా ఎందుకు వదిలించుకుంటున్నారో మొదటి నెలలోనే తెలిసింది. కాలిఫోర్నియాలో మీకూ అలాంటి బేరం తగిలితే ఇది చదివాక సంతకం పెట్టండి.

నీళ్లు పడని చోట ఇల్లు కట్టినట్లే, బంకు లేని చోట ఈ కారు. రోజూ వెళ్లే దారిలో కనీసం రెండు హైడ్రోజన్ బంకులు ఉండాలి. 2024లో ఒక పెద్ద కంపెనీ రాష్ట్రంలో కార్లకు హైడ్రోజన్ నింపే తన బంకులన్నీ మూసేసింది. బయలుదేరే ముందు ఫోనులో ఆ బంకు పనిచేస్తోందో లేదో చూసుకోండి. నేను చూడకుండా వెళ్లి, పంపు చెడిపోయి, కారును లారీ మీద ఇంటికి తెచ్చుకున్నాను.

రెండోది ధర. కిలో హైడ్రోజన్ 36 డాలర్ల దాకా పోయింది. ట్యాంకుల్లో 5.6 కిలోలు పడుతుంది కాబట్టి నింపితే 200 డాలర్లు! కొత్త కారుతో ఇచ్చే 15,000 డాలర్ల ఇంధనపు కార్డు పాత కారుకు వర్తిస్తుందా అన్నది కాగితం మీద రాయించుకోండి. నేను అడగలేదు. ఇంధనం మూత తెరిచి, ఏ తేదీ తర్వాత నింపకూడదని రాసి ఉందో కూడా చూడండి. ట్యాంకులకూ గడువుంటుంది.

ఇక నింపడం. హెచ్70 నాజిల్ తీసుకోండి. అది 700 బార్ల పీడనం, టైరులో గాలికి దాదాపు మూడు వందల రెట్లు. అందులో సగం పీడనం ఉండే హెచ్35తో నింపితే సగానికి కాస్త పైన ఆగిపోతుంది. నాజిల్‌ను పూర్తిగా నెట్టి మీట బిగించండి. అయిదు నిమిషాల పని. వాయువును సున్నాకు 40 డిగ్రీల దిగువకు చల్లబరిచి పంపుతారు కాబట్టి ఒక్కోసారి నాజిల్ మంచు పట్టి కారుకు అతుక్కుపోతుంది. లాగవద్దు, కరిగేదాకా ఆగండి. మీ ముందు రెండు మూడు కార్లు నింపుకుంటే పంపులో పీడనం మళ్లీ పెరిగేదాకా కూడా ఆగాల్సిందే. మా వైపు సిటీ బస్సులు నడిపే ఏసీ ట్రాన్సిట్ సంస్థ వారి హైడ్రోజన్ బస్సులకు ఈ తిప్పలు లేవు, సొంత డిపోలోనే నింపుకుంటాయి. ఈ ఇంధనం వాటికే నప్పుతుందని నా అభిప్రాయం.

ఈ కారు పొగకు బదులు నీళ్లు వదులుతుంది. అందుకని గ్యారేజీలోకి వెళ్లే ముందు హెచ్2ఓ మీట నొక్కి నీళ్లు బయటే వదిలేయండి. మొదటిరోజు నేను మరిచిపోతే, మా అమ్మ పరుగున వచ్చి “ఒరేయ్, కారు కారుతోంది!” అంది.